వెరిఫై అయ్యేదాకా కూర్చో

మా స్టూడియో అక్క పోయింది. గిద్దలూరులో బడికి బయల్దేరి, బస్టాండు దగ్గర టీ తాగుతున్నప్పుడు బావ ఫోన్ చేశాడు. బావ మాట్లాడితే ఫోనే అక్కర్లేదని మేం వెక్కిరించేవాళ్లం, అంత గట్టి గొంతు ఆయనది. ఆ రోజు ఆ గొంతు వినబడక ఫోను చెవికి అదుముకోవాల్సి వచ్చింది. "మీ అక్క పోయిందమ్మా. నిద్రలోనే పోయింది. కాఫీకి లేపితే లేయలేదు," అన్నాడు. ఆ తర్వాత ఫోను పెట్టేయడానికి ఇద్దరికీ మనసొప్పలేదు. టీ కొట్టాయన నా ముఖం చూసి, ఎవరమ్మా అని అడిగితే మా అక్క అన్నాను. సొంతక్కేనా అన్నాడు. అవునన్నాను.

నిజానికి ఆమె నాకు ఇంటి యజమానురాలు. మాది బేస్తవారిపేట పక్కన పల్లె. మా వాళ్లు వారమంతా కూలికి, ఆదివారం చర్చికి పోయేవాళ్లు. పెళ్లయిన కొన్నాళ్లకు నాకు మార్కాపురంలో ఒక ప్రైవేటు బడిలో టీచరు పని దొరికింది. నేనూ మా ఆయనా ఇల్లు వెతుక్కుంటూ ఎండలో తిరిగాం. ప్రతి గుమ్మంలోనూ ముందు పేరు అడిగారు, తర్వాత ఊరు అడిగారు, ఆ తర్వాత ఖాళీ లేదన్నారు. ఈ అక్క ఒక్కతే, ఫోటో స్టూడియోలో కంప్యూటరు ముందు కూర్చుని, మా వైపు తిరగకుండానే, "మోటరు ఎక్కువ సేపు ఏస్తారా?" అని అడిగింది. మార్కాపురంలో నీళ్ల సంగతి తెలిసినవాళ్లకు అది ఎంత పెద్ద ప్రశ్నో అర్థమవుతుంది. వేయం అన్నాం. "అయితే పోయి పైన గది చూసుకోండి. ఇది అయ్యేదాకా నాకు లేచేదానికి లేదు," అంది.

ఇది అంటే ఏమిటో నాకప్పుడు తెలియదు. తెర మీద ఒక పచ్చ గీత నిదానంగా నిండుతోంది. ఆమె దాన్ని చూడటం లేదు. ఒక చెవి కంప్యూటరు పెట్టె వైపు వంచి, కళ్లు మూసుకుని ఉంది. ప్రార్థన చేసుకుంటోందేమో అనుకున్నాను.

స్టూడియో అక్కాబావలిద్దరిదీ. బావ పెళ్లిళ్లకు పోయి వీడియో తీసేవాడు, అక్క ఇంట్లో ఉండి దాన్ని సీడీల మీదికి, తర్వాత్తర్వాత డీవీడీల మీదికి ఎక్కించేది. ఊళ్లో అందరూ సీడీ కొట్టాం అనేవాళ్లు. అక్క మాత్రం రాశాను అనేది. మీలో ఎవరి పెళ్లయినా మా వైపు, క్యాసెట్లు పోయి ఫోన్లు ఇంకా రాని ఆ నడిమి కాలంలో జరిగి ఉంటే, బీరువాలో పట్టుచీరల కింద ఒక డీవీడీ ఉండే ఉంటుంది. తీసి చూడండి. మధ్యలో రంధ్రం చుట్టూ ఉండే గాజులాంటి వలయం మీద, చీమల బారులాగా సన్నటి అక్షరాలు ఉంటే అది మా అక్క రాసింది. మిగతావాళ్లు డిస్కు నిండా వధూవరుల పేర్లు రాసి, మధ్యలో గులాబీ పువ్వు కూడా వేసి ఇచ్చేవాళ్లు. ఇంకు మెల్లగా లోపలికి దిగి, రాసిందాన్ని తినేస్తుందని అక్క నమ్మకం. అందుకే రాత లేని చోటు చూసి అక్కడే పేర్లు ఇరికించేది. పెళ్లికొడుకు పేరు పొడుగైతే పెళ్లికొడుకునే విసుక్కునేది.

డిస్కు ముట్టుకునే ముందు వేలి ఉంగరం తీసి గూట్లో పెట్టేది. కంప్యూటరు బల్ల మీద టీ గ్లాసు కనబడితే, అది ఎవరిదైనా సరే, తీసుకుపోయి గుమ్మం బయట పెట్టేది. ఒకసారి మునిసిపాలిటీ నుంచి వచ్చిన పెద్దమనిషి గ్లాసూ అట్లాగే బయటికి పోయింది, గ్లాసు వెనకాలే ఆయనా పోయాడు.

ఇక వెరిఫై సంగతి. డిస్కు రాయడం అయ్యాక, రాసిందాన్ని మొదటి నుంచి మళ్లీ చదివి, కంప్యూటర్లో ఉన్నదానితో ఒక్కొక్కటీ పోల్చి చూసే పని ఒకటుంటుంది. తెర మీద ఒక చిన్న గడిలో టిక్కు పెడితే ఆ పని జరుగుతుంది, తీసేస్తే జరగదు. టిక్కు పెడితే రాసినంత సేపు మళ్లీ కూర్చోవాలి. అసలే అక్క రాయడం కూడా అన్నిటికన్నా నెమ్మది వేగం పెట్టి రాసేది. ఇక దాని మీద వెరిఫై అంటే, డిస్కు కోసం వచ్చినవాళ్లు బజారు పని చూసుకుని, భోంచేసి, ఒక కునుకు తీసి రావచ్చు. ఊళ్లో మిగతా స్టూడియోలన్నీ ఆ టిక్కు ఎప్పుడో తీసేశాయి. తొందర పెట్టినవాళ్లందరికీ అక్క ఒకటే మాట చెప్పేది. "వెరిఫై అయ్యేదాకా కూర్చో." కూర్చోడానికి స్టూలు కూడా వేసేది.

నాకు ఓపిక తక్కువ. పిల్లల పరీక్ష పేపర్లు కూడా గాలివాన వచ్చినట్టు దిద్దేస్తాను. ఇంత అవసరమా అక్కా అని ఒకసారి అడిగాను. అప్పుడు చెప్పింది. ఆమె పలకల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టింది. చిన్నప్పుడు వాళ్ల నాయన ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, పెట్టెల్లో సర్దే ముందు ఒక్కో పలకనూ గోటితో కొట్టి వినమనేవాడట. మంచి పలక ఖంగుమంటుంది. కంటికి కనబడని బీట ఉంటే శబ్దం చచ్చిపోయినట్టు వస్తుంది. "పలకైతే పిల్లోడు పగలగొట్టుకుంటే ఇంకోటి కొనుక్కుంటాడు. పెండ్లి ఇంకోటి యాడ కొంటారు?" అంది. డిస్కును గోటితో కొడితే ఏమీ తెలియదు కాబట్టి, చదివేటప్పుడు వచ్చే చప్పుడు వినేది. లోపల డిస్కు సాఫీగా తిరుగుతుంటే ఒక ధ్వని, ఎక్కడైనా తట్టుకుంటే ఇంకో ధ్వని. కళ్లు మూసుకుని చెవి వంచి వినేది దాన్నే. అయినా పాత అలవాటు పోలేదు. డిస్కు పెట్టెలో పెట్టి మూత వేశాక, మూత మీద గోటితో ఒకసారి టక్కుమని కొట్టి, అప్పుడు చేతికిచ్చేది.

ఆ టిక్కు దగ్గరే మొగుడూ పెళ్లాలకు కయ్యం. లగ్గాల కాలంలో ఒకరి తర్వాత ఒకరు వచ్చి కూర్చుంటే, బావకు కాలు నిలిచేది కాదు. ఒకరోజు అక్క అన్నానికి లేచిన సందు చూసి, బావ టిక్కు తీసేసి, వెలిగండ్ల పెళ్లివాళ్ల డీవీడీ చటుక్కున రాసి ఇచ్చి పంపించాడు. వాళ్లు ఇంటికి పోయి, చుట్టుపక్కల వాళ్లందరినీ పిలిచి, టీవీ ముందు చాపలు పరిచారు. సినిమా బాగానే నడిచింది. తాళి కట్టే వేళకు పెళ్లికొడుకు చేతులు పెళ్లికూతురు మెడ దగ్గర ఆగిపోయాయి. ఎన్నిసార్లు వేసినా అక్కడే ఆగాయి. పెళ్లికూతురు తల్లి ఇదేం శకునమని ఏడుపు మొదలుపెట్టిందట. ఆ ఇంటినుంచి ఫోన్ వచ్చినప్పుడు అక్క బావను ఒక్క మాట కూడా అనలేదు. ఇంకో డిస్కు రాసి, వెరిఫై చేసి, బావ చేతికిచ్చి, బస్సెక్కించింది. ఆ ఇంట్లో వాళ్ల మధ్య కూర్చుని, ముడి పడేది కళ్లారా చూసి రమ్మంది. ఆ కథ బావే అందరికీ చెప్పేవాడు. "మూడు ముళ్లు పడేదాకా నాకు ఊపిరి ఆడలేదబ్బా. నా పెండ్లిలో కూడా అంత భయపడలేదు," అని నవ్వేవాడు. అయినా ఆ టిక్కు మీద ఆయనకు ప్రేమేమీ పుట్టలేదు. అక్క చూడకపోతే ఇప్పటికీ తీసేస్తానని నాకు కన్ను గీటేవాడు.

క్రిస్మస్‌కి మేం పైన కాగితపు నక్షత్రం కట్టేవాళ్లం. మా వరండాలో ప్లగ్గు లేదు. మొదటి ఏడాది అక్క కింద నుంచి చూసి, స్టూడియో బోర్డుకున్న వైరును పైకి విసిరింది. అప్పట్నుంచి మా నక్షత్రం వెలిగితే స్టూడియో బోర్డు వెలిగేది, బోర్డు ఆరితే నక్షత్రం ఆరేది. ఆదివారాలు నేను చర్చికి పోతుంటే, వాళ్లింటి తలుపులోంచి, "మా మిషన్ గురించి కూడా ఒక మాట చెప్పు మీ దేవుడికి, రెండ్రోజుల్నుంచి మొరాయిస్తాంది," అనేది.

ఇప్పుడు మా నాయన పాట గురించి చెప్పాలి. అది చెప్పకుండా అక్క గురించి చెప్పడం నాకు చేతకాదు.

మా నాయన పల్లెలో చర్చి పాటలు పాడేవాడు. తనే కట్టుకున్న పాటలు కూడా కొన్ని ఉండేవి. రాయడం రాదు కాబట్టి అవి ఎక్కడా లేవు. నా పెళ్లినాడు పందిట్లో నిలబడి, నా మీద కట్టిన పాటొకటి పాడాడు. వీడియో అతను దాన్ని తీశాడు. నాయన పోయాక, ఆయన గొంతు ఈ లోకంలో మిగిలింది ఆ క్యాసెట్టులోనే. అది మా అమ్మ ట్రంకు పెట్టెలో ఉండి, వానకు ఇల్లు కురిసినప్పుడు తడిసి, ఎప్పుడు ఆరిందో తెలియకుండా ఆరింది. దాన్ని తెచ్చి అక్క చేతిలో పెట్టాను. అక్క క్యాసెట్టు మూత ఎత్తి లైటుకు పెట్టి చూసింది. రీలు మీద తెల్లగా బూజు. "ఇది ఒక్కసారే తిరుగుద్ది. రెండోసారి అడగబాక," అంది. నాతో అందో, తనకు తను చెప్పుకుందో.

చాలా రోజులు దాన్ని ముట్టుకోలేదు. కరెంటు నిలకడగా ఉండే రోజు కోసం చూసింది. ఒకనాటి మధ్యాహ్నం, నేను బడిలో ఉండగా, షట్టరు సగం దించి, పాత వీసీఆర్‌లో క్యాసెట్టు పెట్టి, కంప్యూటర్లోకి ఎక్కించింది. సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి మెట్ల మీద చప్పుడైంది. మోకాళ్ల నొప్పితో అక్క మెట్లెక్కేది కాదు. ఆ రోజు ఎక్కి వచ్చి, గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. చేతిలో డిస్కు ఉంది.

"మీ నాయన పాట మధ్యలో నా గొంతు పడింది," అంది.

సంగతి ఏమిటంటే, బావ ఆటో ప్రచారాలకు మాటలు రికార్డు చేసే మైకు ఒకటి ఎప్పుడూ ఆ కంప్యూటరుకు తగిలించే ఉండేది. దాన్ని పీకడం అక్క మరిచిపోయింది. క్యాసెట్టు తిరుగుతున్నంత సేపూ గదిలో వినబడిన మాట కూడా పాటతో పాటే లోపలికి పోయింది. మళ్లీ చేద్దామంటే, పెళ్లి అయిపోయే చోటికి వచ్చి రీలు పుటుక్కున తెగి, వీసీఆర్ లోపల చుట్టుకుపోయింది. "వెరిఫై చేసినా. మొత్తం కరెక్టంది. నా వాగుడు కూడా కరెక్టుగా రాసిందంట. రాసింది సరిగ్గా ఉందా అనే అది చూస్తది గానీ, రాయాల్సిందేందో దానికేం తెలుసు?" అంది. కళ్లనిండా నీళ్లు. అంత నిబ్బరమైన మనిషి కళ్లలో నీళ్లు చూడటం నాకు అదే మొదలు.

ఇద్దరం కిందికి పోయి కూర్చుని చూశాం. బొమ్మ అక్కడక్కడా అలలు అలలుగా వణుకుతోంది. నాయన భుజం మీద కొత్త తువ్వాలుతో, కెమెరా వైపు చూడాలో వద్దో తెలియక, పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాడు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "దోవలో దప్పికైతే, తల్లీ, నా పాట తాగు..." మా పల్లె నుంచి ఏ దోవన పోయినా దప్పికే కాబట్టి ఆయనకు అంతకన్నా మంచి దీవెన తోచలేదు. రెండు చరణాలు పాడాడు. మూడోదానికి గొంతు పూడుకుపోయింది. ఆగిపోయాడు. పందిట్లో ఎవరో నవ్వారు. నాయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఇక చాలన్నట్టు పక్కకు తిరగబోయాడు. అప్పుడు, ఆ నిశ్శబ్దంలో, బాగా దగ్గరగా, అక్క గొంతు వచ్చింది.

"పాడు పెద్దాయనా, పాడు. నేను వింటన్నా."

నాయన మళ్లీ ఇటు తిరిగి, గుంజ పట్టుకుని, మూడో చరణం అందుకున్నాడు.

పెళ్లినాడు ఆయన తనంతట తనే పాడి ఉంటాడని నాకు తెలుసు. అక్క ఆ మాట అన్నది ఎన్నో ఏళ్ల తర్వాత, షట్టరు సగం దించిన గదిలో, కంప్యూటరుతో. అయినా చూస్తుంటే ఆమె అడిగినందుకే పాడాడని అనిపిస్తుంది. నేను అక్క చేయి పట్టుకుని ఇట్లాగే ఉండనీ అన్నాను. ఆమెకు నచ్చలేదు. దర్శిలో ఎవరో మిక్సింగ్ బాగా చేస్తాడట, గొంతు తీసేయిద్దామంది. నేను ఒప్పుకోలేదు. ఆ ఒక్క విషయంలో ఆమె మాట వినకుండా గట్టిగా కూర్చున్నాను. ఆ తర్వాత ఎన్నేళ్లయినా, నా ముఖం చూస్తే ఆమెకు ముందు అదే గుర్తొచ్చేది. పండగ పూట పూర్ణాలు ఇస్తూ కూడా, "అది తీపిద్దాం ఇప్పటికైనా," అనేది.

ఆ డిస్కు ఎట్లా దాచాలో చెప్పింది. పడుకోబెట్టకూడదు, నిలబెట్టాలి. ఎండ తగలకూడదు. తుడవాల్సి వస్తే మెత్తటి నూలుగుడ్డతో లోపల్నుంచి అంచుకు తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. "ఏడాదికోసారి తెచ్చి చూపియ్యి, బిడ్డను సూదిమందుకు తెచ్చినట్టు," అంది. ఊళ్లో అందరికీ అట్లాగే చెప్పేదట. ఎవరూ తెచ్చేవాళ్లు కాదు. నేను తెచ్చేదాన్ని. చదివించి, చెవి వంచి విని, బాగుందని గోటితో మూత కొట్టి ఇచ్చేది. మా అమ్మాయిని బడిలో చేర్చేటప్పుడు బర్త్ సర్టిఫికెట్టు వెతుక్కోవాల్సి వచ్చింది గానీ, ఆ డిస్కు ఎక్కడుందో నాకెప్పుడూ తెలుసు.

తర్వాత ఫోన్లు వచ్చాయి, పెన్‌డ్రైవులు వచ్చాయి. డిస్కులు అడిగేవాళ్లు తగ్గి, చివరికి లేకుండా పోయారు. స్టూడియోలో బావ జిరాక్స్ మిషన్ పెట్టాడు, పాస్‌పోర్టు ఫోటోలు తీసుకుంటూ గడిపాడు. పాత కంప్యూటరు మూలకు చేరినా అక్క దాన్ని అమ్మనివ్వలేదు. దాని మీద పాత చీర కప్పి ఉంచేది. నాకు గిద్దలూరులో గవర్నమెంటు బడిలో ఉద్యోగం వచ్చి, మేం ఇల్లు ఖాళీ చేసిన రోజు, అక్క ఏడవలేదు. మోటరు స్విచ్చు దగ్గర నిలబడి, "మీరుంటే నీళ్లు పొదుపుగా పోయేవి," అంది. నాకు తెలిసిన వీడ్కోలు మాటల్లో అంత గొప్పది ఇంకోటి లేదు.

ఫోన్ వచ్చిన రోజు మధ్యాహ్నానికి మార్కాపురం పోయాను. సాయంత్రం కాకముందే తీసుకుపోయారు. పెద్దకర్మకు మళ్లీ పోయాను. దండ వేసిన ఫోటోలో అక్క భుజం మీద ఎవరిదో చెయ్యి ఉంది. ఏదో గ్రూపు ఫోటోలోంచి కత్తిరించారు. అక్క కూతురు దర్శి నుంచి వచ్చి, ఇల్లంతా వెతికిందట. ఒక్క వీడియో లేదు, ఒక్క సీడీలో అమ్మ లేదు. "ఊరందరి పెండ్లిళ్లు రాసింది పిన్నీ, ఒక్కదాంట్లో కూడా పడలేదు," అని ఏడ్చింది. నిజమే. కెమెరా ఎత్తితే అక్క తలుపు వెనక్కి పోయేది. ఫోన్లు వచ్చాక కూడా అంతే. మాది తీసే జాతి, పడే జాతి కాదు అనేది. పెళ్లిలో ఎవరైనా బలవంతంగా నిలబెట్టి తీస్తే, రాసేటప్పుడు ఆ ముక్కను తనే కోసి పారేసేది.

బావ వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను పక్కన కూర్చోమన్నాడు. అన్నం సహించట్లేదని, నిద్ర పట్టట్లేదని అందరూ చెప్పేవే చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, "ముఖం గుర్తుండాది. గొంతే పోతాంది నాకు. పొద్దన్నే పిలిచినట్టు అనిపిస్తది, ఎట్ల పిలిచేదో గుర్తు రాదు. అది కూడా పోతే నా దగ్గరేముంటది?" అన్నాడు.

ఆయనకు మా నాయన పాట డిస్కు గుర్తు లేదు. అందులో పడిన మాట అక్క సిగ్గుపడి ఆయనకెప్పుడూ చెప్పలేదేమో కూడా. నాకు మాత్రం గుర్తుంది, అంతకన్నా భయం కూడా వేసింది. గిద్దలూరు పోయాక దాన్ని చదివించే మిషన్ మా ఇంట్లో లేదు. అక్క చేతిలోంచి వచ్చాక ఏళ్ల తరబడి అది బీరువాలో నిలబడే ఉంది. ఉందో పోయిందో తెలియకుండా ఈయనకు ఆశ పెట్టడం ఎట్లా? ఆయనకేమీ చెప్పలేదు. మరుసటి ఆదివారం చర్చి నుంచి నేరుగా బస్సెక్కి, డిస్కు సంచిలో నిలబెట్టుకుని మార్కాపురం పోయాను.

వాళ్లమ్మాయి ఇంకా ఉంది. ముగ్గురం పాత కంప్యూటరు మీది చీర తీశాం. కంప్యూటరు లేచింది గానీ డిస్కు పెట్టే అర బయటికి రాలేదు. బావ ఒక పిన్ను వంపు తీసి, ముందు వైపున్న సన్నటి బెజ్జంలో పొడిచాడు, అర చిన్నగా బయటికి జారింది. డిస్కు పెట్టాం. తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. తెర మీద ఏమీ రాలేదు. లోపల్నుంచి గరగరమని తట్టుకుంటున్న చప్పుడు. అక్క ఉంటే ఆ చప్పుడుకు లేచి నిలబడేది. డిస్కు బయటికి తీసి, నా నూలుచీర కొంగుతో, లోపల్నుంచి అంచుకు తిన్నగా, చుట్టూ ఒక్కో గీతగా తుడిచాను. గుండ్రంగా తిప్పలేదు. మళ్లీ పెట్టాం.

ఈసారి మా పందిరి కనబడింది. మా అమ్మ కనబడింది. కానీ పాట చివర్లో ఉంది. డిస్కు లోపల్నుంచి బయటికి రాసుకుంటూ పోతారు కాబట్టి చివరిది అంచు దగ్గర పడుతుంది, ముందుగా పాడయ్యేది అంచే. అక్క ఎప్పుడూ అంచుకు రాసేది కాదు, చోటు వదిలేది. అంచుకు రాసేవాళ్లకు ఆశ ఎక్కువ, బుద్ధి తక్కువ అనేది. ఆ మాట మనసులో అనుకుంటూ కూర్చున్నాను. బావకు ఇంకా ఏమీ తెలియదు. మీ నాయన పాటేనా, బాగా పాడేవాడంటుండేది మీ అక్క అన్నాడు.

నాయన గుంజ పట్టుకున్నాడు. పాడాడు. ఆగాడు. ఎవరో నవ్వారు.

"పాడు పెద్దాయనా, పాడు. నేను వింటన్నా."

బావ చేయి నా భుజం మీద పడింది. ఏదో పట్టుకోకపోతే పడిపోతానన్నట్టు పట్టుకున్నాడు. వాళ్లమ్మాయి అమ్మా అని నోరు మూసుకుంది. నాయన మూడో చరణం పాడుతూనే ఉన్నాడు. పాట అయిపోయాక బావ, ఇంకోసారి అన్నాడు. పెట్టాను. ఇంకోసారి అన్నాడు. పెట్టాను. ఇంతకాలం నాయన పాటలో అక్క మాట పడిందనుకుంటూ వచ్చాను. ఆ గదిలో వింటుంటే, ఆమె మాట దాచడానికే మా నాయన పాడినట్టు ఉంది. నాకు ఇద్దరి మీదా ఒకేసారి ఏడుపొచ్చింది.

వాళ్లమ్మాయి ఫోన్ తీసి, తెర ముందు పెట్టి, ఆ ముక్క రికార్డు చేసుకుంది. ఇక భయం లేదు నాయనా, నీ ఫోన్‌కి కూడా పంపిస్తా అంది. బావ తల అడ్డంగా ఊపాడు. గూట్లో అక్క మిగిల్చిన ఖాళీ డిస్కుల డబ్బా ఉంది. ఒకటి తీశాడు. తీసే ముందు తన వేలి ఉంగరం తీసి గూట్లో పెట్టాడు. మా డిస్కులోది కంప్యూటర్లోకి ఎక్కించుకుని, ఖాళీ డిస్కు అరలో పెట్టి, అన్నిటికన్నా నెమ్మది వేగం పెట్టాడు. చిన్న గడిలో టిక్కు పెట్టి, పెట్టానా లేదా అని ముఖం దగ్గరగా పెట్టి మళ్లీ చూసుకున్నాడు.

రాయడం అయింది. దర్శి బస్సుకు టైమవుతోందని వాళ్లమ్మాయి సంచి భుజానికి తగిలించుకుంది. నేను కూడా లేచాను.

"వెరిఫై అయ్యేదాకా కూర్చో," అన్నాడు బావ. ఎవరిని అన్నాడో తెలియదు. ఇద్దరం కూర్చున్నాం. పచ్చ గీత మొదటి నుంచి నిండుతోంది. బావ దాన్ని చూడటం లేదు. ఒక చెవి కంప్యూటరు పెట్టె వైపు వంచి, కళ్లు మూసుకుని, లోపల డిస్కు సాఫీగా తిరుగుతున్న చప్పుడు వింటున్నాడు.